నెట్టింగ్ ఉంటే 80 కోట్ల ఎక్స్‌పోజర్ 12 కోట్లు ఎలా అవుతుంది?

మిడ్ ఆఫీస్ కొత్త:

అందరికీ నమస్తే అండి. గుంటూరు నుంచి వచ్చి ముంబై బీకేసీలో ఒక బ్యాంకు ట్రెజరీ మిడ్ ఆఫీసులో (డీల్స్ రిస్క్ లెక్క చూసే విభాగం) చేరాను. డెరివేటివ్‌లను పుస్తకంలో చూడటమే తప్ప చేతితో లెక్క వేయడం ఇప్పుడే. ఒక అమెరికన్ బ్యాంకు ముంబై బ్రాంచితో మాకు నాలుగు డీల్స్ నడుస్తున్నాయి. మార్క్-టు-మార్కెట్ (ఈ రోజు మార్కెట్ రేటుకి ఒక్కో డీల్ విలువ) ఇలా ఉంది (అసలు అంకెలు మార్చి రాస్తున్నాను):

డాలర్ ఫార్వర్డ్ +62 కోట్లు
కరెన్సీ స్వాప్ +18 కోట్లు
విదేశీ వడ్డీ రేటు స్వాప్ −45 కోట్లు
రూపాయి ఓఐఎస్ (ఓవర్‌నైట్ ఇండెక్స్డ్ స్వాప్, ఇదీ వడ్డీ రేటు స్వాపే) −23 కోట్లు

ప్లస్ ఉన్నవి మాకు రావాల్సినవి, మైనస్ ఉన్నవి మేం కట్టాల్సినవి. రిస్క్ రిపోర్టులో ఎక్స్‌పోజర్ (ఆ బ్యాంకు పడిపోతే మాకు రాకుండా పోగల మొత్తం) కింద నేను ప్లస్‌లు మాత్రం కలిపి 80 వేశాను. మా మేనేజర్ గారు చూసి "ఇస్డా ఉంది కదా, 12 వెయ్" అన్నారు (ఇస్డా అంటే డెరివేటివ్ డీల్స్‌కి రెండు పక్షాలూ చేసుకునే స్టాండర్డ్ మాస్టర్ ఒప్పందం). ఎందుకని అడిగితే "నెట్టింగ్" అనేసి మీటింగ్‌కి వెళ్లిపోయారు. మా సీనియర్ ఒకాయన మాత్రం "మన దేశంలో నెట్టింగ్ చెల్లదు, గ్రాస్ వెయ్యాల్సిందే" అంటున్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఏది కరెక్ట్?

పాత ట్రెజరీ మనిషి:

మీ సీనియర్ చెప్పింది ఒకప్పటి మాట, ఆ సంగతి కింద రాస్తాను. ముందు 12 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.

రేపు ఆ బ్యాంకు దివాలా తీసిందనుకుందాం. నెట్టింగ్ లేకపోతే లిక్విడేటర్ (మూతపడ్డ సంస్థ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి) తనకు లాభంగా ఉన్న రెండు స్వాప్‌లనూ పట్టుకుని "68 కోట్లు కట్టండి" అంటాడు. మన 80 సంగతేమిటంటే "క్లెయిమ్ వేసి క్యూలో నిలబడండి" అంటాడు. అప్పులవాళ్లకి రూపాయికి పావలా దక్కిందనుకోండి. మనకు వచ్చేది 20, పోయేది 60. ఆ 68 మాత్రం పైసాతో సహా కట్టాలి. తనకు పనికొచ్చేవి ఉంచుకుని మిగతావి వదిలేసే ఈ పద్ధతినే చెర్రీ పికింగ్ అంటారు.

క్లోజ్-అవుట్ నెట్టింగ్ ఉంటే నాలుగు డీల్సూ ఒకేసారి రద్దవుతాయి. ఒక్కోదానికీ విలువ కట్టి, చెల్లుకు చెల్లు వేస్తే మనకు రావాల్సింది 12 మిగులుతుంది. దానికి క్యూలో నిలబడితే 3 వస్తుంది, 9 పోతుంది. 60 పోవాల్సిన చోట 9తో బయటపడ్డాం.

ఇది నిలబడేది ఇస్డా మాస్టర్ అగ్రిమెంట్‌లోని ఒక చిన్న వాక్యం మీద. సెక్షన్ 1(సి) చూడండి: మాస్టర్ అగ్రిమెంటూ, దాని కింద ఇచ్చిన కన్ఫర్మేషన్లన్నీ (ఒక్కో డీల్ వివరాల పత్రాలు) కలిసి ఒకే ఒప్పందం అంటుంది. ఒప్పందం ఒక్కటే అయినప్పుడు అందులో సగం తీసుకుని సగం వదిలేయడానికి లిక్విడేటర్‌కి వీలుండదు. విలువ కట్టడం, ఒక్క అంకెకు దించడం సెక్షన్ 6(ఇ)లో ఉంటాయి. 1992 ఫారం, 2002 ఫారం రెండూ వాడకంలో ఉన్నాయి, మీది ఏదో తీసి చూసుకోండి. విలువ కట్టే పద్ధతి రెండింట్లో ఒకటి కాదు.

మనకు తగ్గిన ఆ 51 కోట్ల నష్టం గాలిలో కలిసిపోలేదు, ఆ బ్యాంకు మిగతా అప్పులవాళ్ల మీద పడింది. అందుకే ఒప్పందంలో రాసుకుంటే చాలదు, దివాలా చట్టం దాన్ని ఒప్పుకోవాలి. లేదంటే వాళ్లు కోర్టుకు వెళ్తారు.

మిడ్ ఆఫీస్ కొత్త:

చాలా థాంక్స్ అండి. మరి మా బ్యాక్ ఆఫీసులో రోజూ "నెట్టింగ్ చేశాం" అంటుంటారు. ఇదేనా?

సెటిల్‌మెంట్ డెస్క్:

కాదండి. మేం చేసేది పేమెంట్ నెట్టింగ్. ఒకే రోజు, ఒకే కరెన్సీలో అటూ ఇటూ కట్టాల్సినవి ఉంటే తేడా మాత్రమే పంపుతాం, అంతే. దాంతో సెటిల్‌మెంట్ రిస్క్ తగ్గుతుంది. 1974 జూన్ 26న హెర్‌స్టాట్ బ్యాంకును జర్మన్ అధికారులు మూసేసినప్పుడు అవతలివాళ్లు జర్మన్ మార్కులు కట్టేశారు, న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్లు రాలేదు. ఆ తరహా దెబ్బకి ఇది కొంత మందు. మీ రిపోర్టులో 80ని 12 చేసేది మాత్రం క్లోజ్-అవుటే.

పాత ట్రెజరీ మనిషి:

ఇక మీ సీనియర్ మాట. 2010 అక్టోబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బ్యాంకులు డెరివేటివ్‌ల పాజిటివ్ విలువలనే గ్రాస్‌గా లెక్కపెట్టాలి, నెగెటివ్‌లతో చెల్లువేయకూడదు. బైలేటరల్ నెట్టింగ్ మీద చట్టం స్పష్టంగా లేదన్నది కారణం. ఎస్‌బీఐకి 1955 చట్టం, జాతీయ బ్యాంకులకు 1970, 1980 చట్టాలు. వాటిని మూసేయాలంటే కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, మామూలు కంపెనీల లిక్విడేషన్ వాటికి వర్తించదు. అలాంటి చోట నెట్టింగ్ నిలుస్తుందని ఏ లాయరూ గట్టిగా రాసివ్వలేని పరిస్థితి.

ఆ చిక్కు విప్పింది 2020లో పార్లమెంటు చేసిన బైలేటరల్ నెట్టింగ్ ఆఫ్ క్వాలిఫైడ్ ఫైనాన్షియల్ కాంట్రాక్ట్స్ చట్టం. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఇద్దరిలో కనీసం ఒకరు ఆర్‌బీఐ, సెబీ, ఐఆర్‌డీఏఐ, పీఎఫ్ఆర్‌డీఏ, ఐఎఫ్ఎస్‌సీఏల్లో ఏదో ఒకదాని నియంత్రణలో ఉండాలి. అలా ఉంటే అవతలివాడు దివాలా ప్రక్రియలో ఉన్నా నెట్టింగ్ చెల్లుతుంది. 2021 మార్చి 30న ఆర్‌బీఐ క్యాపిటల్ (రిస్క్‌కి తగ్గట్టు బ్యాంకు పెట్టుకోవాల్సిన మూలధనం) లెక్కల్లో కూడా దీన్ని ఒప్పుకుంటూ సర్క్యులర్ ఇచ్చింది.

అయితే మీ మేనేజర్ గారు చెప్పిన 12 కూడా పూర్తి ఎక్స్‌పోజర్ కాదు. అది ఈ రోజు విలువ. రేపు రేట్లు కదిలితే పెరగొచ్చు కాబట్టి యాడ్-ఆన్ కలుపుతారు. కరెంట్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో ఆ సర్క్యులర్ ఇచ్చిన లెక్క ఇది:

నెట్ యాడ్-ఆన్ = 0.4 × గ్రాస్ యాడ్-ఆన్ + 0.6 × నిష్పత్తి × గ్రాస్ యాడ్-ఆన్

నిష్పత్తి అంటే నెట్ విలువను గ్రాస్ పాజిటివ్ విలువతో భాగిస్తే వచ్చేది. మీ కేసులో 12/80, అంటే 0.15. నాలుగు డీల్స్‌కీ కలిపి గ్రాస్ యాడ్-ఆన్ 20 కోట్లు అనుకుందాం. నెట్ యాడ్-ఆన్ 8 + 1.8 = 9.8 అవుతుంది. మొత్తం 21.8 కోట్లు. నెట్టింగ్ లేకపోతే 80 + 20, అంటే 100. నిష్పత్తి సున్నా అయినా యాడ్-ఆన్‌లో 40 శాతం మిగులుతుంది గమనించండి. ఈ రోజు చెల్లుకు చెల్లు అయినవి ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు కదా. ఆ జాగ్రత్త సబబేనని నా ఉద్దేశం.

ఎన్‌బీఎఫ్‌సీ రిస్క్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా దగ్గర డీల్స్ అన్నీ హెడ్జింగ్ కోసం, అన్నీ ఒకేవైపు. డాలర్ పెరిగితే అన్నీ పాజిటివ్ అవుతాయి. మాకు నెట్టింగ్ వల్ల ఏం లాభం?

పాత ట్రెజరీ మనిషి:

దాదాపు ఏమీ లేదు. చెల్లువేయడానికి ఎదురు బాకీ ఉండాలిగా! నిష్పత్తి 1 అవుతుంది, ఫార్ములా మళ్లీ గ్రాస్ దగ్గరికే వస్తుంది. మీలాంటివాళ్లకి పనికొచ్చేది మార్జిన్. క్రెడిట్ సపోర్ట్ అనెక్స్ (తాకట్టు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇస్డాకి పెట్టే అనుబంధం) పెట్టుకుని, థ్రెషోల్డ్ (తాకట్టు అడగకుండా వదిలేసే బాకీ పరిమితి) తగ్గించి, రోజువారీ కొలాటరల్ అడగండి. దానికి కూడా నెట్టింగే పునాది, మార్జిన్ కాల్ చేసేది నెట్ అంకె మీదే.

వకీలు:

లాయర్ వైపు నుంచి కొన్ని మాటలు, ఎందుకంటే గొడవలు వచ్చేది ఇక్కడే.

నెట్టింగ్‌నీ సెట్-ఆఫ్‌నీ కలిపేయకండి. కంపెనీ మనకు లోన్ బాకీ ఉంది, స్వాప్‌లో మనమే వాళ్లకు కట్టాలి, రెండూ చెల్లువేసుకుంటాం అంటే 2020 చట్టం కాపాడదు. ఆర్‌బీఐ నోటిఫై చేసినవి డెరివేటివ్‌లు, రెపోలు. మామూలు అప్పు అందులో లేదు. ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియలో ఎయిర్‌టెల్ తనకు రావాల్సినదాన్ని తాను కట్టాల్సినదానితో చెల్లువేయబోతే 2024 జనవరి 3న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రిజల్యూషన్ ప్రక్రియ మొదలయ్యేముందే ఒప్పందం ప్రకారం అమలైపోయిన సెట్-ఆఫ్, లేదా ఒకే లావాదేవీలో పెనవేసుకున్న బాకీలు మాత్రమే మినహాయింపు అంది.

మీది అమెరికన్ బ్యాంకు బ్రాంచి కాబట్టి ఇక్కడి చట్టం ఒక్కటే చాలదు. హెడ్ ఆఫీసు ఉన్న దేశం, బ్రాంచి ఉన్న దేశం, ఒప్పందానికి వర్తించే చట్టం, మూడింటి కిందా నెట్టింగ్ నిలుస్తుందని రాతపూర్వక లీగల్ ఒపీనియన్ ఫైల్లో ఉండాలి. అది లేకుండా క్యాపిటల్ లెక్కలో నెట్ వాడకూడదు. ఇంకోటి, అక్కడ బ్యాంకు పడిపోయి ఎఫ్‌డీఐసీ (అమెరికా డిపాజిట్ బీమా సంస్థ) రిసీవర్‌గా వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుంటే, ఆ కారణం చూపి మీరు వెంటనే రద్దు చేయలేరు. మర్నాటి పనిదినం సాయంత్రం 5 గంటల దాకా ఆగాలి. ఆలోపు డీల్స్‌ని ఇంకో బ్యాంకుకు మార్చేస్తే, అన్నీ కలిపే మార్చాలి.

రద్దు నోటీసు కూడా మెయిల్ కొట్టి ఊరుకుంటే కుదరదు. 2002 ఫారంలో డిఫాల్ట్, టెర్మినేషన్ నోటీసులు ఈమెయిల్ ద్వారా చెల్లవు. 1992 ఫారంలో ఫ్యాక్స్ కూడా పనికిరాదు. షెడ్యూల్‌లో రాసిన అడ్రస్‌కి మనిషి చేతనో కొరియర్‌లోనో పంపడం క్షేమం. అందుకే ఆ అడ్రస్ ఇప్పటికీ సరైనదేనా అని ఏడాదికోసారైనా చూసుకోవాలి.

హక్కు ఉంది కదా, నింపాదిగా వాడుకుందాం అనుకున్నా ముప్పే. అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు లేమన్ 2008 సెప్టెంబర్‌లో పడిపోయాక మెటావాంటే అనే సంస్థ దానితో ఉన్న స్వాప్‌ని రద్దూ చేయలేదు, కట్టాల్సిందీ కట్టలేదు, ఏడాది పాటు అలా కూర్చుంది. 2009 సెప్టెంబర్‌లో న్యూయార్క్ దివాలా కోర్టు జడ్జి జేమ్స్ పెక్, ఇన్నాళ్లు ఆగారు కాబట్టి ఆ హక్కు పోయింది, కట్టండి అన్నారు.

మిడ్ ఆఫీస్ కొత్త:

చాలా చాలా థాంక్స్. లీగల్ వాళ్లని అడిగితే ఒపీనియన్లు ఉన్నాయన్నారు, ఫారం 2002ది. ఇక ధైర్యంగా 21.8 వేసేయొచ్చా?

సెటిల్‌మెంట్ డెస్క్:

ఒక్క నిమిషం. ఆ రూపాయి ఓఐఎస్ సీసీఐఎల్‌కి (క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) వెళ్లలేదు కదా? బ్యాంకుల మధ్య చేసినవి చాలావరకు అక్కడే సెటిల్ అవుతాయి. నొవేషన్ (సీసీఐఎల్ మధ్యలోకి వచ్చి డీల్‌ని తన పేరు మీదికి తీసుకోవడం) అయ్యాక మీ కౌంటర్‌పార్టీ (అవతలి పక్షం) ఆ బ్యాంకు కాదు, సీసీఐఎల్. డీల్ చేసిన పేరు మాత్రం సిస్టమ్‌లో అలాగే కనిపిస్తుంది. క్లియరింగ్ స్టేటస్ కాలమ్ చూడండి.

మిడ్ ఆఫీస్ కొత్త:

చూశానండి. "క్లియర్డ్" అని ఉంది!! మిగతా మూడూ బైలేటరలే.

పాత ట్రెజరీ మనిషి:

మంచి ప్రశ్న అడిగారు డెస్క్ గారూ. అయితే లెక్క మారిపోతుంది తమ్ముడూ. ఆ −23 ఈ నెట్టింగ్ సెట్‌లోంచి బయటికి పోవాలి. అది మనం కట్టాల్సినది కాబట్టి తీసేస్తే ఎక్స్‌పోజర్ పెరుగుతుంది. 62 + 18 − 45, అంటే 35. నిష్పత్తి 35/80 = 0.4375. ఓఐఎస్ యాడ్-ఆన్ 2 కోట్లు అనుకుని తీసేస్తే గ్రాస్ యాడ్-ఆన్ 18. నెట్ యాడ్-ఆన్ 7.2 + 4.725, దాదాపు 11.9. మొత్తం 46.9 కోట్లు.

మీరు వేసిన 80 కాదు, మేనేజర్ గారి 12 కూడా కాదు. ఆయనతో వాదన పెట్టుకోకుండా క్లియరింగ్ స్టేటస్ స్క్రీన్‌షాట్ తీసి, లెక్కతో కలిపి పంపండి. సీసీఐఎల్ ఎక్స్‌పోజర్‌ని వేరే లైన్‌లో చూపండి, దాని రిస్క్ వెయిట్ వేరు. సిస్టమ్ టీమ్‌కి టికెట్ కూడా వేయండి. ఈ ఒక్క డీల్ ఇలా మ్యాప్ అయిందంటే మిగతా కౌంటర్‌పార్టీల కింద కూడా క్లియర్ అయిన ఓఐఎస్‌లు ఉండే ఉంటాయి.