తజ్వీద్ (ఖురాన్‌ను సరిగ్గా పలికే నియమాలు) మొదటి నుంచి నేర్చుకోవాలి, తెలుగులో చెప్పే టీచర్ ఉన్నారా?

అస్సలాము అలైకుం. మాది గుంటూరు వైపు, ఉద్యోగరీత్యా హైదరాబాద్ టోలీచౌకీలో ఉంటున్నాను. ఖురాన్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను కానీ తజ్వీద్ పద్ధతిగా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇక్కడ నేర్పేవాళ్లకు కొదవ లేదు, అయితే క్లాసులన్నీ ఉర్దూలోనే. వింటే కొంత అర్థమవుతుంది, రూల్స్ వివరించేటప్పుడు మాత్రం అందడం లేదు.

సుకూన్ (అచ్చు లేదని చూపే గుర్తు) ఉన్న నూన్ అంటే 'న్' అక్షరం, తన్వీన్ (పదం చివర వచ్చే 'న్' శబ్దం) తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి ఇజ్‌హార్ (స్పష్టంగా పలకడం), ఇద్గామ్ (తర్వాతి అక్షరంలో కలపడం), ఇఖ్లాబ్ (మార్చి పలకడం), ఇఖ్ఫా (దాచి పలకడం) అని నాలుగు రూల్స్ ఉన్నాయని తెలుసు. ఆరు కంఠాక్షరాల ముందు నూన్ స్పష్టంగా పలకాలి, బా ముందు మీమ్‌గా మారుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇఖ్ఫా దగ్గరే ఆగిపోతున్నాను. దానికి పదిహేను అక్షరాలు. గున్నా (ముక్కుతో వచ్చే శబ్దం) పలికేటప్పుడు నాలుక పైకి తగలకూడదంటారు, మరి ఎక్కడ ఉంచాలి? తర్వాతి అక్షరం ఖాఫ్ అయితే ఒకలా, తా అయితే ఇంకోలా వినిపిస్తోంది. అది సరైనదేనా?

ఐన్ (ع), పెద్ద హా (ح) అక్షరాలు కూడా కష్టంగానే ఉన్నాయి. తెలుగులో ఆ శబ్దాలే లేవు కదా, గొంతులో ఎక్కడి నుంచి రావాలో ఎవరైనా పక్కన కూర్చుని దిద్దితే తప్ప రావని నా నమ్మకం. అల్లాహ్ వాక్యాన్ని అంచనాగా చదవడం నాకు ఇష్టం లేదు.

మెహదీపట్నం, టోలీచౌకీ చుట్టుపక్కల పెద్దవాళ్లకు తెలుగులో నేర్పే ఆపా (టీచరమ్మ) ఎవరైనా ఉన్నారా? సాయంత్రం ఏడు తర్వాత అయితే వీలవుతుంది. ముందు ఖాయిదా (అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం) పూర్తి చేయాలా, లేక చిన్న సూరాలతో పాటే రూల్స్ నేర్చుకోవచ్చా? నేర్చుకున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.