అక్కని బావ కొడుతున్నాడు, మళ్లీ పంచాయితీ కాకుండా ఏం చేయాల?

గుత్తి తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది గుత్తి దగ్గర పల్లె, నేను అనంతపురంలో పని చేస్తా. మా అక్కని ప్రొద్దుటూరులో ఇచ్చి తొమ్మిదేళ్లయింది, ఒక పాప, ఒక బాబు. బావ కొడతాడని మాకు తెలిసి నాలుగేళ్లయింది. తెలిసిన మొదటిసారే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచాయితీ పెట్టినాం, బావ అందరి ముందర తలకాయ దించుకోని ఇంక చేయనన్నాడు, అక్క నా పక్కే చూస్తా ఉండింది, నేనే "పిల్లల మొహం చూసి పో అక్కా" అన్నా. ఆ తర్వాత ఇంకో రెండు పంచాయితీలు అయినాయి, రెండు నెలలు బాగుంటాడు, మళ్లీ మామూలే.

మొన్న ఉగాదికి వచ్చింది. నేను అటక మీద డబ్బా తీద్దామని చెయ్యి పైకెత్తినా, పక్కన నిలబడిన అక్క గబుక్కున రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకునింది. నన్ను చూసి. సొంత తమ్ముణ్ణి. నాకు డబ్బా పట్టుకునే శక్తి కూడా లేకుండా పోయింది. రాత్రికి మా ఆవిడ మెల్లగా అడిగితే చెప్పిందంట, పోయిన నెల గొంతు పట్టుకున్నాడు, రెండ్రోజులు అన్నం మింగలేకపోయినా అని. ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టే మాట్లాడాల, పక్కనే కూర్చుంటాడు. ఆధారు, బ్యాంకు కార్డు అన్నీ ఆయన బీరువాలోనే.

నాకైతే నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోని పోయి నాలుగు తగిలించి అక్కని పిల్లల్ని కార్లో వేసుకోని వచ్చేద్దామని ఉంది. అమ్మ ఇంకోసారి పెద్దమనుషుల దగ్గర మాట్లాడదాం అంటాది. అక్కేమో "నువ్వేం చేయొద్దురా, నేను చూసుకుంటా" అంటాది. చూస్తా చూస్తా ఎట్లా ఊరుకోవాల? కేసు పెట్టాలంటే ప్రొద్దుటూరులో పెట్టాల్నా, మా ఊర్లో పెట్టొచ్చా? తెలిసినోళ్లు చెప్పండి.

కడప ఆడపడుచు:
తమ్ముడూ, కొట్టడానికి మాత్రం పోవద్దు. మా అన్నోళ్లు అదే పని చేసినారు. వాళ్లు నన్ను ఆ ఇంట్లోనే వదిలి కారెక్కి పోయినంక ఆయన తలుపు గడియ పెట్టి, వాళ్లు ఎన్ని దెబ్బలు కొట్టినారో నాతోనే లెక్క చెప్పించి అన్నీ నాకు తిరిగిచ్చినాడు. పైగా మరుసటి రోజు ఆయనే పోయి మా అన్నోళ్ల మీద కంప్లైంట్ ఇచ్చినాడు, తర్వాత నేను నా బాధ చెప్పుకోడానికి పోతే ఇద్దరూ రాజీ పడండి అనేసినారు.

మీ అక్క "ఏం చేయొద్దు" అనడానికి కారణం ఉంటాది. నువ్వు వచ్చి పోయినంక ఆ ఇంట్లో ఉండేది ఆమె. ఏ రోజు ఎంత తాగుతాడు, ఏ మాటకి రేగుతాడు అన్నీ ఆమెకే తెలుసు. ఎందుకు రాలేదు ఎందుకు భరించినావు అని అందరూ అడుగుతారు గానీ, వస్తే యాడ పండుకోవాల, పిల్లలు ఏ బడికి పోవాల అనేది ఎవరూ చెప్పరు. నా విషయంలో మా అమ్మ ఏం చేసిందంటే, పక్క గదిలో చెనిక్కాయ మూటలన్నీ తీయించి, సున్నం కొట్టించి, మంచం వేసి, "ఇది నీ గది, ఎప్పుడొచ్చినా నీదే, ఎంత కాలమైనా ఉండు" అని ఒక్క మాట అనింది. తొందర పెట్టలేదు. అయినా నేను బయటికొచ్చింది ఆ తర్వాత ఎనిమిది నెలలకి.

ఆ ఎనిమిది నెలల్లో మా వీధిలో జాకెట్లు కుట్టే ఆమె దగ్గర ఒక్కో కాగితం దాచినా. జాకెట్టు కొలతలని పోయేది, ఒకసారి పిల్లల పుట్టిన సర్టిఫికెట్ల జిరాక్సు, ఒకసారి పాసుబుక్కు, ఇంకోసారి రెండు జతల పిల్లల బట్టలు. ఆమె గుడ్డల మూట కింద పెట్టి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ పండగొస్తే ముందు ఆమె ఇంటికే పోతా.

రాయచోటి పెద్దాయన:
బాబూ, నేను నలభై ఏళ్లుగా పంచాయితీలు చెప్పినవాణ్ణి. కేసు పెడితే ఇంక ఆ సంసారం అతకదు, రేపు ఆ పిల్లల పెళ్లిళ్లప్పుడు కూడా అడుగుతారు. తాగుడు మానిపిస్తే అన్నీ సర్దుకుంటాయి. మొగుడూ పెళ్లాల మధ్య ఒక దెబ్బ అనేది అన్ని ఇళ్లల్లో ఉండేదే కదా. తొందరపడొద్దు.

అనంతపురం నర్సమ్మ:
పెద్దాయనా, మీ వయసుకి నమస్కారం, కానీ ఈ "అన్ని ఇళ్లల్లో ఉండేదే" అన్న మాట వల్లే ఆడోళ్లు చచ్చేదాకా నోరు తెరవడం లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లు మొగుడు కొట్టడానికి ఏదో ఒక కారణం న్యాయమే అని చెప్పినారు, చెప్పకుండా బయటికి పోయినా, అత్తామామలకి మర్యాద ఇవ్వకపోయినా కొట్టొచ్చు అని. దెబ్బలు తినేవాళ్లతోనే ఆ మాట అనిపించినామంటే మనం చిన్నప్పటి నుంచి వాళ్లకి ఏం నేర్పినట్టు? అదే సర్వేలో దేశం మొత్తం మీద హింస పడినవాళ్లల్లో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు నూటికి 14 మందే.

తాగుడు సంగతి కూడా చెప్తా. తాగినోడు రోడ్డు మీద ఎస్సైని కొట్టడం లేదు, వాళ్ల ఓనర్‌ని కొట్టడం లేదు, ఇంటికొచ్చి పెళ్లాన్నే కొడతాడు. కాబట్టి ఎవర్ని కొడితే ఏం కాదో ఆయనకి తాగినా తెలుసు. తాగుడు దెబ్బల్ని పెంచుతాది, మానిపించాల్సిందే, కానీ మానినా కొట్టేవాళ్లని నేను చానామందిని చూసినా.

తమ్ముడూ, గొంతు సంగతి నువ్వు ఒక్క లైన్లో రాసి పోయినావు, నేను అక్కడే ఆగిపోయినా. గొంతు పట్టుకోవడాన్ని ఇంకో దెబ్బ అనుకోవద్దు. ఒకసారి గొంతు నులిమినవాడు తర్వాత చంపే ప్రమాదం చానా రెట్లు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. పైకి మచ్చ కూడా ఉండకపోవచ్చు. మింగలేకపోవడం, గొంతు బొంగురుపోవడం, కంట్లో ఎర్రటి చుక్కలు, తలనొప్పి, ఇట్లాంటివి ఉంటే లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు, మెడలో రక్తనాళం దెబ్బతింటే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. నెలైనా సరే డాక్టర్‌కి చూపించండి, గొంతు పట్టుకున్నాడని ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి, చీటీలో రాయించండి.

మా క్యాజువాలిటీకి వచ్చే ఆడోళ్లు ఎక్కువమంది మెట్ల మీద పడినా, బాత్రూంలో జారినా అంటారు, పక్కన మొగుడు నిలబడి ఉంటాడు. మేము "ఇంజక్షన్ వేయాల, మగోళ్లు బయటికి పోండి" అని తలుపేసి అప్పుడు అడుగుతాం. మణికట్టుకి మోచేతికి మధ్య వెలుపలి పక్క కమిలి ఉంటే చానాసార్లు అది మెట్ల మీద పడిన దెబ్బ కాదు, మొహానికి అడ్డం పెట్టిన చెయ్యి. మీ అక్క అటక దగ్గర పెట్టింది చూడు, అదే చెయ్యి.

ఇంకోటి, ఆడమనిషి ఇల్లు వదిలి వచ్చే రోజులే అన్నింటికంటే ప్రమాదం, మన చేతుల్లోంచి పోతాంది అని తెలిసినప్పుడే మగోడు తెగిస్తాడు. కాబట్టి వచ్చేస్తానని ఆయన ముందర చెప్పొద్దని చెప్పు. ఆయన ఇంట్లో లేని టైం చూసుకోవాల, పిల్లలతో సహా రావాల. ఆ పొద్దు ప్రాణం మీదికొస్తే 112. సలహాకి 181, అది ఆడవాళ్ల హెల్ప్‌లైను, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, డబ్బులు పడవు, కానీ ఆమె ఫోన్ ఆయన చూస్తాడు కాబట్టి వేరేవాళ్ల ఫోన్ నుంచే చేయాల. జిల్లాల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి, 2015లో మొదలైన స్కీం, ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, డాక్టరు, పోలీసు, లాయరు అన్నీ వాళ్లే చూపిస్తారు. మీ ఇంటికొస్తే ఆయన నేరుగా అక్కడికే వస్తాడు అనుకుంటే ముందు అక్కడికి పోవడం మేలు.

కర్నూలు లాయర్:
గుత్తి తమ్ముడూ, నీ ప్రశ్నకి సూటిగా జవాబు: మీ అక్క మీ ఇంటికి వచ్చేస్తే అక్కడే కేసు పెట్టుకోవచ్చు, ప్రొద్దుటూరు పోనక్కర్లేదు. గృహహింస చట్టంలోనే ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చని ఉంది. వేధింపుల కేసు, అదే జనాలందరూ 498ఏ అంటారు, ఇప్పుడు అది బీఎన్ఎస్ 85 (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్), దానికి కూడా పుట్టింట్లో తలదాచుకున్న చోట పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ స్టేషన్‌కి పోయినా మా పరిధి కాదు అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా రాసుకునే కేసు, కట్టి ఆ పరిధి స్టేషన్‌కి పంపాల.

చానామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. 85 అంటే క్రిమినల్ కేసు, మూడేళ్ల దాకా జైలు. గృహహింస చట్టం, 2005లో చేసింది, దాంట్లో మొగుణ్ణి జైల్లో పెట్టించడం ముఖ్యం కాదు, మెజిస్ట్రేటు దగ్గర ఆర్డరు తెచ్చుకోవడం: ఇంక కొట్టకూడదు, దగ్గరికి రాకూడదు, ఇంట్లోంచి గెంటకూడదు, ఖర్చులకి డబ్బు ఇవ్వాల, పిల్లలు తల్లి దగ్గర ఉండాల, ఇట్లా. ఇల్లు అత్త పేరు మీదున్నా సరే, కాపురం చేసిన ఇల్లయితే అక్కడ ఉండే హక్కు అడగొచ్చు. ఆ ప్రొటెక్షన్ ఆర్డరు తప్పితే అప్పుడు ఏడాది దాకా జైలు. 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది గానీ కోర్టుల్లో అంతకంటే చానా పడుతుంది, నీకు అబద్ధం చెప్పను, అందుకే మొదటి రోజే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఆర్డరు, అంటే కేసు తేలేదాకా పనిచేసే ఆర్డరు, అడగాల.

గొంతు నులిమిన సంగతి కంప్లైంట్‌లో విడిగా, ఏ రోజు ఏ టైంలో అని రాయించు, "కొట్టినాడు తిట్టినాడు"లో కలిపేస్తే దాని బరువు పోతుంది. నీకు ఇంకోటి తెలియాల, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, అంటే గృహహింస చట్టం కింద ఇట్లాంటి ఆడవాళ్లకి సాయం చేసే గవర్నమెంటు అధికారికి, ఆమే చెప్పాలని లేదు, తమ్ముడుగా నువ్వు చెప్పినా తీసుకోవాల. కానీ ఆమెని అడక్కుండా చేయొద్దు. లాయర్ ఫీజు గురించి భయం వద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి పోండి, లేదంటే 15100కి ఫోన్ చేయండి.

గుత్తి తమ్ముడు:
అందరికీ దండాలు. మూడు రోజులు ఇదే చదువుకుంటా ఉన్నా. అక్క పొద్దున వాటర్ ప్లాంటు దగ్గర క్యాను పట్టుకునేటప్పుడు ఎదురింటామె ఫోన్ నుంచి మాట్లాడించినాం, ఆరు నిమిషాలు దొరికింది. నేను ముందు ఒకటే చెప్పినా, ఆ రోజు పంచాయితీలో పో అన్నది నా తప్పు అక్కా, ఇంక అట్లా ఎవ్వరూ అనరు, అమ్మ కూడా అనదు, మేడ మీద గది ఖాళీ చేస్తాండాం, వచ్చేది రానిది నీ ఇష్టం అని. చానాసేపు ఏం మాట్లాడలేదు, నీళ్ల శబ్దం మాత్రం వినిపిస్తా ఉంది. తర్వాత "పాప టీసీ ఎవురు తెస్తార్రా, సంతకం ఆయనే పెట్టాల కదా" అనింది. గొంతు డాక్టర్‌కి చూపించుకుంటా అని కూడా ఒప్పుకునింది, ఎదురింటామె తోడు పోతాదంట.

లాయరన్నా, టీసీ లేకుండా ఇక్కడ బడిలో చేర్చుకుంటారా?

కర్నూలు లాయర్:
పాప ఏ క్లాసు?

గుత్తి తమ్ముడు:
మూడు. బాబు ఇంకా అంగన్‌వాడీ.

కర్నూలు లాయర్:
గవర్నమెంటు బడిలో చేర్చుకోవాల్సిందే. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్, టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, ఎనిమిదో తరగతి దాకా ఇదే రూలు. ఎవరైనా కాదంటే ఎంఈఓ, అదే మండల విద్యాధికారి, దగ్గరికి పో. టీసీ కోసం ఆమెని ఆ ఇంట్లో ఇంకొక్క రోజు కూడా ఆగనివ్వద్దు.

కడప ఆడపడుచు:
పాప బడి సంచి కూడా తెచ్చుకోమను తమ్ముడూ, మా చిన్నది నెల రోజులు దాని కోసమే ఏడ్చింది.