ఆవిరి పట్టిన మట్టిలో నిమ్మ నారు ఎందుకు ఎదగడం లేదు?

లేతచిగురు: నారుకుళ్లు భయంతో ఈసారి మట్టికి ఆవిరి పట్టించి జంబేరి (అంట్లు కట్టడానికి వాడే నిమ్మజాతి) గింజలు వేశాను. ఒక్క మొలకా కుళ్లలేదు. కానీ నాలుగైదు ఆకులు వేసి అక్కడే ఆగిపోయాయి. కొత్త ఆకులు చిన్నవిగా, ఆకు ఈనెల మధ్యభాగం పసుపుగా ఉన్నాయి. భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేట్ రెండుసార్లు వేసినా ఫలితం లేదు. శుద్ధి చేయని మట్టిలో కొన్ని చనిపోయినా, మిగిలినవి వీటికి రెట్టింపు ఎత్తున్నాయి. కారణం ఏమై ఉంటుంది?

పచ్చనిమడి: నత్రజని చాలడం లేదేమో. కొంచెం యూరియా ఇచ్చి చూడండి.

వేరుచూపు: దయచేసి ఇప్పుడు యూరియా వేయకండి. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పాలిపోతాయి. మీకు చిగురాకులే చిన్నబోయి పసుపెక్కాయి కాబట్టి నా అనుమానం జింకు మీద.

అసలు సంగతి మట్టిలో ఉంది. ఆవిరికి తెగులు శిలీంధ్రాలతో పాటు వేళ్లతో కలిసి బతికే మేలు శిలీంధ్రం మైకోరైజా కూడా చచ్చిపోతుంది. నిమ్మజాతి వేళ్లకు నూగు చాలా తక్కువ. భాస్వరం, జింకు, రాగి అందుకోవడానికి అవి ఈ మేలు శిలీంధ్రం మీదే ఆధారపడతాయి. అది పోయాక మొక్క చుట్టూ పోషకాలున్నా పస్తులుంటుంది. పైగా భాస్వరం ఎక్కువైతే మైకోరైజా వేళ్లను పట్టుకోదు, జింకు కొరత ఇంకా ముదురుతుంది. సూపర్ ఫాస్ఫేట్ ఆపేయండి.

మైకోరైజా పొడి దొరికితే నారు మార్చేటప్పుడు వేళ్లకు తగిలేలా గుంతలోనే వేయండి, పైన చల్లితే ప్రయోజనం ఉండదు. పాత చెట్టు కింది మట్టి మాత్రం కలపకండి, వేరుకుళ్లు, నులిపురుగులు దానితో వచ్చేస్తాయి. ఇంత శ్రమపడి శుద్ధి చేసింది ఎందుకు మరి! ఈలోగా జింక్ సల్ఫేట్ పలుచగా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి.

లేతచిగురు: అంటే ఇకమీదట ఆవిరి పట్టకూడదా?

వేరుచూపు: పట్టండి, మితంగా. మట్టి అంతటా 60 డిగ్రీల వేడి అరగంట నిలిస్తే నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. మరీ ఎక్కువ కాగిస్తే మాంగనీసు, అమ్మోనియా పెరిగి లేత వేళ్లను మాడుస్తాయి. చల్లారాక మైకోరైజా కలిపి గింజ వేయండి.

సున్నపునేల: మట్టి ఉదజని సూచిక (pH) కూడా చూడండి. 7.5 దాటితే జింకు, ఇనుము ఉన్నా వేళ్లకు అందవు. మా దగ్గర పసుపుకు కారణం అదే.