వ్యాసాల పేజీలు గూగుల్‌లో ఇండెక్స్ కావడం లేదు: కారణం ఎక్కడ వెతకాలి?

పాత_సంచిక:
మా సాహితీ సంస్థ ఒకప్పుడు వెలువరించిన పత్రిక సంచికలను వర్డ్‌ప్రెస్ సైటులో ఒక్కొక్క వ్యాసంగా పెడుతున్నాము. ముఖపుట, రచయితల పరిచయాలు గూగుల్‌లో వస్తున్నాయి గాని, వ్యాసాలు మాత్రం పేరు పెట్టి వెతికినా కనిపించడం లేదు. సైట్‌మ్యాప్‌ను (సైటులోని పేజీల చిరునామాల జాబితాను) గూగుల్ వారి సర్చ్ కన్సోల్ స్వీకరించింది. ఇంకేమి చూడాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

సర్వర్_గది:
సైట్‌మ్యాప్‌ను స్వీకరించిందంటే చిరునామాలు అందాయని మాత్రమే అర్థం. ఇండెక్స్ చేస్తానన్న, అంటే వెతికితే చూపే పేజీలలో చేర్చుకుంటానన్న హామీ అందులో లేదు. ముందుగా సర్చ్ కన్సోల్‌లో పేజీల నివేదిక తెరిచి, మీ వ్యాసాలు ఏ కారణం కింద ఉన్నాయో చూడండి. 'డిస్కవర్డ్' అని ఉంటే పేజీలను తిరిగి చదివే గూగుల్ ప్రోగ్రాము, గూగుల్‌బాట్, ఇంకా ఆ పేజీ దాకా రాలేదు, కాబట్టి సర్వర్ వేగాన్ని, ముఖపుట నుంచి వ్యాసాలకు లింకులున్నాయా అన్నదాన్ని పరిశీలించాలి. 'క్రాల్డ్' అని ఉంటే వచ్చి, చదివి, ప్రస్తుతానికి పక్కన పెట్టిందన్నమాట. అప్పుడు చూడవలసింది పేజీలో ఉన్న విషయాన్ని.

తెర_వెనుక:
నోఇండెక్స్ (ఈ పేజీని ఇండెక్స్ చేయవద్దని పేజీలోనే పెట్టే సూచన) సంగతి కూడా చూడండి. ముఖపుట వస్తోంది కనుక వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగులలో సైటు మొత్తాన్ని ఇండెక్స్ చేయవద్దని చెప్పే టిక్కు కారణం కాకపోవచ్చు, కాని కొన్ని ఎస్ఈఓ ప్లగిన్లు ఒక్క వ్యాసాలకే నోఇండెక్స్ పెట్టగలవు. ఇంకొక మాట: నోఇండెక్స్‌ను, గూగుల్‌బాట్ ఎక్కడికి రావచ్చో చెప్పే రోబోట్స్ ఫైలునూ కలిపి వాడేవారు చాలామంది ఉన్నారు గాని, ఆ ఫైలులో దారి మూసేస్తే గూగుల్‌బాట్ లోపలికి రాలేదు, లోపల ఉన్న నోఇండెక్స్‌నూ చదవలేదు.

పాత_సంచిక:
ఇద్దరికీ ధన్యవాదాలు. వ్యాసాలన్నీ 'క్రాల్డ్' కిందే ఉన్నాయి; నోఇండెక్స్ ఎక్కడా లేదు. అయితే సర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో క్రాల్ అయిన పేజీని తెరిచి చూస్తే, వ్యాసం ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బారులు తీరి ఉన్నాయి. తెర మీద చూస్తే మాత్రం చక్కని తెలుగే.

అక్షరశాల:
రోగం దొరికింది. ఆ వ్యాసాలను డీటీపీ (అచ్చు కోసం కంప్యూటరులో కూర్చిన) ఫైళ్ళ నుంచి నేరుగా తెచ్చి అతికించి ఉంటారు. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం కేవలం బొమ్మ; దాని వెనుక దాచి ఉన్న సంకేతం ఏదో ఇంగ్లీషు అక్షరానిదో, గుర్తుదో. ఫాంటును సైటులో జోడించారు కనుక పాఠకుడికి 'శ్రీ' కనిపిస్తుంది గాని, గూగుల్‌కు అందేది ఆ సంకేతమే. ఒక పేరాను కాపీ చేసి, ఆ ఫాంటు లేని ఫోనులో అతికించి చూడండి, వెంటనే తెలిసిపోతుంది. స్కాన్ చేసిన బొమ్మలుగా పెట్టిన పేజీలకూ దాదాపు ఇదే గతి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి; అయితే ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ చెదిరిపోతాయి కనుక, ముఖ్యంగా పద్యాలున్న చోట, ప్రూఫు దిద్దక తప్పదు.

తెర_వెనుక:
చిరునామా తెలుగులో ఉండటం వల్ల ఇండెక్స్ కాదని కొందరు భయపెడుతుంటారు. అది నిజం కాదు. తెలుగు చిరునామా % గుర్తులతో రాసే సంకేత రూపంలో చాలా పొడవవుతుంది, ఒక్క 'శ్రీ'యే 36 గుర్తులు పడుతుంది, అయినా గూగుల్ దాన్ని చదువుకుంటుంది.

సర్వర్_గది:
పాఠం మార్చేటప్పుడు పాత చిరునామాలను అలాగే ఉంచండి. సైట్‌మ్యాప్‌లో మార్పు తేదీ నిజంగా మార్చిన పేజీలకే మారాలి. సైట్‌మ్యాప్ మారిందని గూగుల్‌కు పింగ్ పంపే పాత పద్ధతిని గూగుల్ 2023లోనే నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది, పేజీ మార్పులను వెంటనే తెలిపే ఇండెక్స్‌నౌ బింగ్‌కు పనికివస్తుంది గాని గూగుల్‌కు కాదు. ఇండెక్సింగ్ అభ్యర్థనకు రోజువారీ పరిమితి ఉంది కనుక దాన్ని ముఖ్యమైన వ్యాసాలకే వాడి, మిగిలినవాటిని సైట్‌మ్యాప్‌కు వదిలేయండి.

పాత_సంచిక:
రెండు వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చి లైవ్ టెస్ట్ చేశాము. ఈసారి తెలుగు పాఠమే వచ్చింది. అభ్యర్థన పంపాము. 'క్ష', 'జ్ఞ' ఉన్న పదాలు కన్వర్టర్‌లో బాగా చెడాయి, అందువల్ల మిగతా సంచికలను ప్రూఫు పూర్తయిన క్రమంలోనే ఎక్కిస్తాము.