‘మానభంగమందు’ బొంకొచ్చా? శుక్రుడి పద్యంలో ఒక మాట మీద డౌటు

నెలకోసారి నలుగురం కూర్చుని ఏదో ఒక చిన్న భాగం చదువుకుంటాం, ఈసారి టాపిక్ అబద్ధం ఎప్పుడైనా ఆడొచ్చా అని. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో రాసిన చిన్న వ్యాసం పెట్టుకున్నాం, చంపడానికి తరుముకొచ్చినవాడు తలుపు కొట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా సరే బొంకకూడదంటాడాయన. దానికి జోడీగా పోతన భాగవతం వామన చరిత్రలోంచి, వామనుడికిచ్చిన మాట తప్పమని శుక్రుడు బలికి చెప్పే, అందరికీ నోటికొచ్చిన ఆటవెలది:

వారిజాక్షులందు వైవాహికములందు
బ్రాణవిత్తమానభంగమందు
జకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము వొంద దధిప!

(ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం, డబ్బు, మానం పోతుంటే, బెదిరిన ఆవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడ్డానికీ బొంకొచ్చు, పాపం అంటదు రాజా అని.)

మాలో ఒకమ్మాయి రెండో పాదం దగ్గర ఆగి మానభంగం అంటే రేప్ కదా, ఇక్కడ అది ఎందుకొచ్చింది అంది. ఇప్పటి పేపర్ భాషలో అంతే మరి, తన తప్పేం లేదు. కానీ ఇక్కడ భంగం మూడింటికీ, ప్రాణానికీ డబ్బుకీ పరువుకీ. సరే అర్థం తేలిపోయింది అనుకున్నాం కానీ నాకు అక్కడే ఇంకోటి తగిలింది. సంస్కృత మూలంలో, అంటే వ్యాస భాగవతంలో, ‘వృత్త్యర్థే ప్రాణసంకటే’ అని ఉంది, అంటే బతుకుతెరువు కోసం, ప్రాణం మీదకొస్తే. మానం మాటే లేదు, పోతనే పెట్టాడు! తర్వాత బలి చెప్పే జవాబు చూడండి, అదీ ఆటవెలదే, ‘బ్రతుకవచ్చుగాక’ అని మొదలై ‘మాట దిరుగలేరు మానధనులు’ అని ముగుస్తుంది. గురువేమో మానం పోతుంటే బొంకొచ్చు అంటాడు, శిష్యుడేమో బొంకితే పోయేదే మానం అంటాడు. విత్తం, మానం అని గురువు విడివిడిగా చెప్పినవాటిని బలి కలిపేసి మానమే ధనం అన్నట్టుంది నాకైతే. పోతన ఆ మాట కావాలనే వేశాడా, గణాలకి కుదిరి పడిందా?

— కావాలనే అనిపిస్తోంది. అసలు పోతన అబద్ధాలకి లైసెన్స్ ఇచ్చాడని ఈ పద్యం షేర్ చేసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది, చెప్పింది శుక్రుడండీ బాబూ, రాజ్యం పోతోందన్న కంగారులో. బలి వినలేదు, శాపం కూడా తిన్నాడు.

— గోకులం అంటే కృష్ణుడి ఊరు అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ 🙂 చకిత గోకుల, బెదిరిన ఆవులమంద అన్నమాట. అందున్ లో ద్రుతం (చివరి న్) వల్ల చకిత కాస్తా జకిత అయింది, ప్రాణ బ్రాణ అయినట్టే.

— కాంట్ కి ఎదురు పెట్టాల్సింది ఇది కాదేమో, భారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ. నిజమే చెప్తానని వ్రతం పట్టి, దాక్కున్నవాళ్ళ జాడ దొంగలకి చెప్పేసి నరకానికి పోయాడు. అచ్చంగా తలుపు దగ్గర హంతకుడి కేసే.

అవును, అది వచ్చే నెలకి పెట్టుకుంటాం. ఆ మాటకొస్తే మూలంలో ‘హింసాయాం’ అని విడిగా ఉంది, ఎవరికి హాని జరుగుతున్నా అని, పోతనలో అది ఆవులకీ బ్రాహ్మణులకీ కుదించుకుపోయింది. ఇంకోటి, మూలంలో అనృతం ‘జుగుప్సితం’ కాదు అంటాడు, అంటే ఛీ అనదగ్గది కాదు, అంతే. పోతన శుక్రుడు ఏకంగా పాపమే అంటదు అనేశాడు. ఈ రెంటికీ చాలా దూరం ఉంది కదా? అలాగే ‘నర్మవివాహే’లో నర్మ, అంటే పరిహాసం, తెలుగులో ఎక్కడికి పోయింది? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు కాబట్టి పెళ్ళి ఉంటే చాలనుకున్నాడా? పాత వ్యాఖ్యానాలు ఉన్నవాళ్ళు ఆ పేజీ ఫోటో పెట్టండి ప్లీజ్.