కొండపల్లి దశావతారాల సెట్టు క్రైస్తవుల ఇంట్లో ఉంచుకోవచ్చా?

చిలకలగూడ చెల్లి:
అందరికీ వందనాలు. మా కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు మా ఆయన ఆఫీసు స్నేహితుడు కొండపల్లి దశావతారాల సెట్టు తెచ్చిచ్చారు. వాళ్లది విజయవాడ. ముచ్చటపడి షోకేసులో పెట్టాను. మొన్న ప్రార్థనకు వచ్చిన సంఘ పెద్ద ఒకరు చూసి, అది ఉన్న ఇంటికి ఆశీర్వాదం రాదు, మూసీలో పడేయమన్నారు. మా అత్తయ్య బాప్తిస్మం తీసుకుని రెండేళ్లే అయింది. అప్పటినుంచి ఆవిడకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

మల్కాజిగిరి అన్న:
ఆయన చెప్పింది వాక్యమే కదమ్మా. హేయమైనదాన్ని ఇంటికి తేవద్దని ద్వితీయోపదేశకాండము 7:26లో ఉంది. మా నాన్నగారు విశ్వాసంలోకి వచ్చిన రోజే అలాంటివన్నీ తీసేశారు. రాజీ పడొద్దు.

తార్నాక అక్క:
తమ్ముడూ, ఆ అధ్యాయం చెప్పేది కనానులో జనం పూజించిన విగ్రహాల గురించి. చెల్లి ఇంట్లో ఉన్నవి పొణికి చెక్కతో చేసి, చింతగింజల జిగురుతో అతికి, రంగులేసిన బొమ్మలు. వాటికి ఎవరూ దీపం పెట్టడం లేదు.

ఇత్తడి సర్పం సంగతి గుర్తు చేసుకోండి. దేవుడు చెప్తేనే మోషే చేశాడు. తరతరాలు ఉంది. జనం దానికి ధూపం వేస్తున్నారు కాబట్టే హిజ్కియా రాజు పగలగొట్టాడు (2 రాజులు 18:4). నేను చూసేది ఆ ధూపాన్నే. మన మెదక్ చర్చి కిటికీ అద్దాల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. వాటికెవరూ మొక్కరు. ప్రతిమకు ఇచ్చే గౌరవం వేరు, దేవుడికే చెందే ఆరాధన వేరు అని 787లో బిషప్పులు కూడిన నైసియా రెండో మహాసభ చెప్పింది. కేథలిక్కులు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు. మనమేమో యేసు ఫోటోకు దండేసి, ఎర్ర బల్బు పెట్టి, అది ఆరిపోతే కీడు అనుకుంటాం. నాకు భయం వేసేది అక్కడ.

అయినా చెల్లీ, సెట్టు షోకేసులోంచి తీసెయ్. శాపమని కాదు, మీ అత్తయ్య కోసం. విగ్రహం వట్టిదని తెలిసిన పౌలే, బలహీనమైన మనస్సాక్షి ఉన్నవాళ్లకు మన స్వేచ్ఛ అడ్డం కాకూడదన్నాడు (1 కొరింథీయులు 8). కానీ మూసీలో వేయకు. ప్రేమగా ఇచ్చినాయన మనసు నొచ్చుకుంటుంది. పౌలు మనుషులు ఎఫెసు వాళ్ల దేవతను దూషించలేదని ఆ ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడు. మన గురించి పక్కింటివాళ్లు అలా చెప్పగలగాలి.

చిలకలగూడ చెల్లి:
అక్కా, నిన్న అత్తయ్యా నేనూ కలిసి ఒక్కొక్క బొమ్మనీ పాత చీర ముక్కలో చుట్టాం. మత్స్యావతారం తోక దగ్గర కాస్త రంగు ఊడింది, దూది పెట్టి చుట్టాను. బీరువాలో భద్రంగా ఉన్నాయి. అత్తయ్య రాత్రి బాగా నిద్రపోయారు.

మల్కాజిగిరి అన్న:
మూసీ మాట సమర్థించను. షోకేసులో ఉంచవచ్చంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఎర్ర బల్బు మా ఇంట్లోనూ ఉందక్కా. ఈ రాత్రి అమ్మతో మాట్లాడతాను.