నివేదిక వెనుక డబ్బు ఎవరిదో తెలుసుకునే దారి చెప్పండి

మాది హనుమకొండ దగ్గరి పల్లె. మా నాన్న ఏటా ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్తారు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా పత్తి మార్కెట్‌కు చేరే నెలలు సరిగ్గా అవే!

ఆ సుంకం శాశ్వతంగా పోవాలంటూ ఒక ఆర్థిక విధాన పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదిక ఈమధ్య చదివాను. మిల్లులకు కలిగే మేలు గురించి పేజీలకు పేజీలు, రైతు గురించి ఒక్క పేరా. లెక్కలు జాగ్రత్తగానే వేశారు, కాదనను. అయితే ఆ అధ్యయనానికి డబ్బు ఎవరు పెట్టారో అట్ట నుంచి అట్ట దాకా వెతికినా కనబడలేదు. ‘భాగస్వాముల సహకారంతో’ అన్న ముక్క మాత్రం ఉంది.

అది కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద, అంటే లాభాపేక్ష లేనిదిగా, నమోదైన సంస్థ. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీటు చూశాను. విరాళాల మొత్తం ఉంది, దాతల పేర్లు లేవు. విరాళాల లెక్క చెప్పేందుకు సంస్థలు 10బీడీ ఫారంలో ఇచ్చే దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖ దగ్గరే ఉండిపోతాయి.

తెలియకుండా ఎవరినీ నిందించడం నాకు ఇష్టం లేదు. ఆడిటర్లు, ఇలాంటి సంస్థల్లో పనిచేసినవారు దయచేసి చెప్పండి. నేరుగా ఉత్తరం రాస్తే దాతల పేర్లు ఇస్తారా? ప్రభుత్వ నిధులు కూడా అందుకుంటుంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చా? వచ్చే నెల మా ఊరి రైతుల సమావేశంలో ఈ నివేదిక గురించి నేనే మాట్లాడాలి.